గజ్జెలు కట్టే చెయ్యి

చిత్తూరు జిల్లా పాకాలలో రైలుకట్ట వెనక సందులో కాపురముంటున్న, కీర్తిశేషులు తిరుమలయ్య కొడుకు కుప్పయ్య అనే నేను, దక్షిణాఫ్రికాలోని నాటాలునుంచి వచ్చినందుకు ఊళ్ళో అందరూ నాటాలు కుప్పయ్య అని పిలిచే మనిషిని, అరవై ఆరేళ్ళ వయసులో, నా ఇంటి వసారాలో నులకమంచం మీద కూర్చుని, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, మనసు కుదురుగా ఉండగా రాయిస్తున్న వీలునామా ఇది. నా తరువాత నా వారసులూ, దీన్ని నెరవేర్చే బాధ్యత ఉన్నవారూ ఇందులో ఉన్నది ఉన్నట్టు జరిపించవలసినది.

నా కాళ్ళు వాచాయి. గుండెకు నీరు పట్టిందని, ఈ ఎండాకాలం గడవడం కష్టమని కాంపౌండరు వెంకటేశ్వర్లు చెప్పాడు. కాళ్ళు వాచినా బుద్ధి వాచలేదని కూడా రాయమన్నాను. దస్తావేజులు రాసే బాలసుబ్రమణ్యం కలం ఆపి, “ఇట్లాంటియన్నీ వీలునామాలో రాయకూడదు మామా, రిజిస్ట్రారు నగతాడు” అన్నాడు. నవ్వనీ. ఇంతకాలం జనాన్ని నవ్వించీ ఏడిపించీ బతికినవాణ్ణి. నా చివరి కాగితం చూసి రిజిస్ట్రారు నవ్వితే నాకు పోయేదేమీ లేదు.

నాకున్న ఆస్తి చిన్నది. పంచడం పెద్ద పని కాదు. కానీ ఒక్క సంగతి తేలక నాకు ప్రాణం పోయేట్టు లేదు. నేను పోయాక మా నాటకం గుంపుకు గజ్జెలు ఎవరు కట్టాలి?

మాది భారతం ఆడే గుంపు. ఎండాకాలంలో ఐరాల మొదలుకొని చుట్టుపక్కల ఊళ్ళలో ధర్మరాజుల గుడి ముందర పద్ధెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు పౌరాణికుడు కథ చెబుతాడు. ఆ కథనే రాత్రిపూట మేము వేషాలు కట్టి ఆడతాము. మొదటి ఆట రోజున, నాటకం నేర్పిన వాద్యారు వేషగాళ్ళందరి కాళ్ళకూ తన చేత్తో గజ్జెలు కడతాడు. కట్టించుకోకుండా ఆటకు దిగకూడదు. ఒకసారి ఎవరి చేత కట్టించుకుంటే ఆ ఏడాదంతా వాళ్ళ మాటకు కట్టుబడి ఆడాలి, మధ్యలో చెయ్యి మార్చకూడదు. ఆ చెయ్యి ఇన్నాళ్ళూ నాది. ఇకమీదట నా కూతురు తాయమ్మది కావాలని నా కోరిక. తాయమ్మ ఆడది, పైగా భర్త పోయినది. అందువల్ల ఇది కోరినంత తేలిక కాదని నాకూ తెలుసు. ముందు తేలికైనవి రాయిస్తాను.

1. స్థిరాస్తి. నేను కాపురముంటున్న పెంకుటింట్లో వీధివైపు గదీ వసారా నా కొడుకు మునికృష్ణకు. లోపలి గదీ, వంటిల్లూ, పెరడూ, పెరట్లోని మునగచెట్టుతో సహా నా కూతురు తాయమ్మకు. మునగకాయలు మాత్రం ఇద్దరివీ. మునికృష్ణకు మునక్కాయ పులుసు లేనిదే ముద్ద దిగదు, చెట్టు ఎక్కడం రాదు.

మునికృష్ణ తిరుపతినుంచి తిరుమలకు కొండబస్సు నడుపుతాడు. వాడికి నాటకం ఇష్టం లేదు. మద్దెల మోగుతుంటే చెవుల్లో దూది పెట్టుకొని నిద్రపోయే పిల్లవాడు. ఆ పెట్టెలూ తెరలూ అమ్మేసి టెంటు సినిమాలో వాటా కొనమని ఒకసారి నాకు సలహా చెప్పాడు. వారం రోజులు వాడితో మాట్లాడలేదు. తరువాత ఒకనాడు నన్ను తన పక్క సీటులో కూర్చోబెట్టుకొని కొండ ఎక్కించాడు. ప్రతి మలుపు దగ్గరా ఊపిరి బిగపట్టి, బస్సు తిరిగాక వదులుతున్నాడు. వెనక జనం గోవిందా అంటున్నారు, వీడికి అది వినిపించడం లేదు. వాడి ఆట వాడికి ఉందని ఆ రోజు తెలుసుకొని సంతోషించాను. ఈ సంగతి వాడితో నోటితో చెప్పలేకపోయాను గనక ఇక్కడ రాయిస్తున్నాను. మలుపుల దగ్గర నిదానంగా పోరా నాయనా.

2. గుండ్రటి తల ఉన్న నల్లకర్ర ఒకటి వాకిలి మూల ఉంది. అది కూడా మునికృష్ణకే. అది నాటాలులో సిఫో అనే, అక్కడి జూలూ జాతి మనిషిది. మా చెరకుతోటలో గుర్రాలు చూసేవాడు. మా మాట ఒక్కటీ అర్థం కాకపోయినా మేము ఆడిన ప్రతిసారీ వచ్చి ముందు కూర్చునేవాడు. ఒకసారి ద్రౌపదిని సభలోకి ఈడ్చుకొచ్చే చోట లేచి, ఈ కర్ర ఎత్తుకొని దుశ్శాసనుడి మీదికి వచ్చాడు. నలుగురం పట్టుకుంటే గాని ఆగలేదు. మరునాడు సిగ్గుపడి, ఆ కర్ర తన దగ్గర ఉంటే మంచిది కాదని సైగలతో చెప్పి నాకు ఇచ్చేశాడు. ఆ తరువాత నాకు శాలువాలు కప్పినవాళ్ళు ఉన్నారు, వెండిపతకం ఇచ్చినవాళ్ళు ఉన్నారు. ఈ కర్రంత బహుమానం మళ్ళీ దొరకలేదు. మునికృష్ణ దీన్ని బస్సులో పెట్టుకోవచ్చు, ఎవరినీ కొట్టకూడదు.

3. మూడో ఆస్తి నాటకం పెట్టె. అది చేతులు మారేముందు ఎక్కడినుంచి వచ్చిందో వారసులకు తెలియాలి.

మా నాయన తిరుమలయ్యది ఐరాల పక్క పల్లె. కరువులో కూలి ఒప్పందం మీద వేలిముద్ర వేసి, మద్రాసులో ఓడ ఎక్కి, దక్షిణాఫ్రికాలోని నాటాలుకు చెరకు నరకడానికి పోయాడు. నేను అక్కడి కూలీల రేకుల కొట్టంలో పుట్టాను. మా నాయనకు ఆటా పాటా రావు గాని జ్ఞాపకం గట్టిది. రోజూ అన్నం దగ్గర ఐరాల భారతం చెప్పేవాడు. అర్జునుడు తపస్సు చేయడానికి ఎక్కే మాను గురించి చెబుతూ, “తలెత్తి సూస్తే తలపాగా ఎనక్కి పడిపోవాలబ్బా, అంతుంటాది” అనేవాడు. నేను నాటకం చూడకముందే నాటకాన్ని విన్నాను.

మా తోటలో మాణిక్కం అనే అరవాయన వాద్యారు. నాకు అడుగులూ దరువులూ నేర్పినది ఆయనే. తెలుగువాళ్ళు ఎక్కువగా కూర్చుంటే తెలుగులో, అరవవాళ్ళు ఎక్కువైతే అరవంలో ఆడేవాళ్ళం. ఆదివారం ఒక్కటే సెలవు. శనివారం పొద్దుగూకాక మొదలుపెట్టి ఆదివారం తెల్లవారేలోగా భారతమంతా ముగించాలి. సోమవారం కత్తి పట్టుకొని తోటలో నిలబడకపోతే దొర ఊరుకోడు. మా ధర్మరాజు జూదంలో ఓడి అడవికి పోతే, మంచినీళ్ళు తాగి తిరిగొచ్చేసరికి యుద్ధం సిద్ధంగా ఉండేది.

తోట పని వదిలాక డర్బన్ పట్నం చేరి, తెల్లవాళ్ళ నాటకశాలలో తెరలు లాగే పనిలో కుదిరాను. ముందుకు పోయి కూర్చోవడానికి మాకు వీల్లేదు. వెనకనుంచి చూడవలసిందే. ఎన్ని ఆటలు చూశానో, చూసినవన్నీ నటుల వీపులు. అందువల్ల నాకొక విద్య అబ్బింది. మనిషి వీపు చూసి వాడి ముఖంలో ఏముందో చెప్పగలను. దీపం ఎటు పెడితే ముఖం ఎట్లా మారుతుందో, మాట లేని వేషగాడు ఎక్కడ నిలబడాలో, తెర తీసేముందు ఎందుకు కొంచెం ఆగాలో, ఇవన్నీ అక్కడే నేర్చుకున్నాను.

తరువాత సొంతంగా గుంపు కట్టాను. రైలు పోయే ఊళ్ళన్నిటికీ పోయి ఆడాము. రేకుల హాళ్ళు, కూరగాయల షెడ్లు, ఒకసారి గుర్రాల కొట్టం. ఒక ఇంగ్లీషు పత్రికవాళ్ళు నా పేరు వేసి కింద డైరెక్టరు అని రాశారు. దాన్ని మన భాషలో ఏమంటారని నా భార్య నాగులమ్మ అడిగితే, కేకలేసేవాడు అంటారని చెప్పాను. ఆమె నమ్మింది. నేను చేసే పని అదే కదా మరి.

పేరు వచ్చినా నాకొక దిగులు ఉండేది. నేను ఆడించే భారతం అసలు చోట ఎట్లా ఉంటుందో నేను చూడలేదు. మా నాయన నోట విన్నదాన్ని బట్టి కట్టుకున్నదే అంతా. ఆయన పోయాక ఆ దిగులు ముదిరింది. ఇండియాకు పోయేవాళ్ళకు అక్కడి సర్కారు ఓడ ఖర్చు ఇచ్చి, మళ్ళీ కాపురానికి రామని కాగితం రాయించుకుంటున్న రోజులవి. రాసిచ్చాను. నాగులమ్మనూ, ఇద్దరు పిల్లలనూ, ఈ పెట్టెనూ తీసుకొని మద్రాసులో ఓడ దిగి, పాకాలలో రైలు దిగాను. పుట్టిన దేశాన్ని వదిలి నా దేశం వచ్చాను. రెండు చోట్లా నన్ను పరాయివాడే అన్నారు. దానికి నేను ఎక్కువ బాధపడలేదు, నాటకం వేసేవాడికి ఆ అలవాటు ఉంటుంది.

4. పెట్టెలోని నిలువుటద్దమూ, మోకాళ్ళదాకా వచ్చే సవరమూ చిన్నబ్బకు. చిన్నబ్బ ఎడ్లబండి తోలుతాడు, భారతంలో ద్రౌపది వేషం కడతాడు. ప్రతి ఎండాకాలమూ మీసం తీసేయవలసి వచ్చి వాళ్ళింట్లో పోట్లాట. అతని భార్యకు నా క్షమాపణలు. ఆ సవరానికి నెలకొకసారి ఆముదం రాయాలి. ఎలుకల జాగ్రత్త.

5. హార్మోనియం మిషను బడి అయ్యవారు శాంతయ్యకు. ఆదివారం ఉదయం చర్చిలో ఆయన వాయిస్తాడు, ఆదివారం రాత్రి ధర్మరాజుల గుడి ముందర మాకు వాయిస్తాడు. రెండు చోట్లా ఎవరూ ఏమీ అనలేదు, అంత బాగా వాయిస్తాడు. ఈ వీలునామాను నెరవేర్చే బాధ్యత కూడా ఆయనకే అప్పగిస్తున్నాను. లెక్క తప్పనివాడు, కోపం రానివాడు మా గుంపులో ఆయన ఒక్కడే.

6. కాలం చేసిన నా భార్య నాగులమ్మ ఎర్రచీర తాయమ్మకు. దీని వెనక సంగతి తాయమ్మకు తెలుసు, మునికృష్ణకు తెలియకపోవచ్చు.

పెళ్ళయి చాలాకాలం మాకు పిల్లలు లేరు. ఆ రోజుల్లో నేనే అర్జునుడి వేషం కట్టేవాణ్ణి. అర్జునుడు మాను చివర కూర్చొని తపస్సు చేసి, అక్కడినుంచి నిమ్మకాయలూ పూలూ విసురుతాడు. బిడ్డలు లేని ఆడవాళ్ళు కింద కొంగు పట్టుకొని నిలబడతారు. కొంగులో పడితే కడుపు పండుతుందని నమ్మకం. నాటాలులో మన తాటిమాను దొరక్క నీలగిరి చెట్టు నరికి పాతేవాళ్ళం. పైకెక్కి చూస్తే కింద ఆడవాళ్ళ మధ్య నాగులమ్మ ఈ ఎర్రచీర కొంగు పట్టుకొని నిలబడి ఉంది. వస్తానని నాతో చెప్పలేదు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగి ఎటు విసిరానో నాకే కనబడలేదు. నిమ్మకాయ మాత్రం ఆమె కొంగులోనే పడింది. తాయమ్మ పుట్టింది. ఆ మాను కింద ఒక జూలూ ఆమె కూడా దుప్పటి పట్టుకొని నిలబడితే ఆమెకూ ఒకటి వేశాను. ఆమె సంగతి ఏమైందో తెలియదు. పండే ఉంటుందని అనుకుంటాను.

భర్త పోయినవాళ్ళు ఎర్రచీర కట్టకూడదని ఎవరైనా తాయమ్మతో అంటే, ఇది తండ్రి రాసిచ్చిన ఆస్తి అని, కట్టుకోకపోతే వీలునామా తప్పినట్టని ఆమె జవాబు చెప్పవలసినది. బాలసుబ్రమణ్యం ఇక్కడ కలం ఆపకుండా రాశాడు.

7. ఇక దొరస్వామి.

దొరస్వామి ఐరాలవాడు. దుర్యోధనుడి వేషం ఆయన తాతది, తండ్రిది, ఆయనది. నేను పాకాల చేరిన మరుసటి ఎండాకాలం ఐరాలలో వాద్యారు జబ్బుపడితే, నాటాలునుంచి ఎవడో వచ్చాడట పిలవండి అని నన్ను పిలిచారు. సముద్రం దాటినవాడి చేత గజ్జెలు ఎట్లా కట్టించుకుంటామని వేషగాళ్ళు వెనక్కి తగ్గారు. దొరస్వామి ముందుకొచ్చి కాలు చాపాడు. “ఉప్పునీళ్ళు తగిలితే సెయ్యి చెడిపోతాదా? చేపలు తినడం ల్యా?” అన్నాడు. అప్పుడు మిగిలినవాళ్ళు చాపారు.

భారతం ఆడించమన్నారు. నాకు తెలిసిన భారతం శనివారం రాత్రి భారతం. దాన్నే ఆడించాను. కోడి కూసేలోగా జూదం, వనవాసం, యుద్ధం అన్నీ అయిపోయాయి. భీముడు గద ఎత్తుకొని మీదికి వస్తుంటే దొరస్వామి పద్యం మధ్యలో నావైపు తిరిగి, “ఏందప్పా, నన్ను అప్పుడే సంపేస్తాండావు?” అని అడిగాడు. ఆట ఆగకూడదు గనక పడమని సైగ చేశాను. పడ్డాడు. ద్రౌపది వచ్చి, తొడ దగ్గర పెట్టిన ఎర్రనీళ్ళు జుట్టుకు రాసుకొని ముడి వేసుకుంది. తెల్లవారి పౌరాణికుడు వచ్చి తలపట్టుకున్నాడు. ఆయన కథలో పాండవులు ఇంకా లక్కయింట్లోనే ఉన్నారు.

ఊరి పెద్దలు పంచాయితీ పెట్టారు. ద్రౌపది ముడి వేసుకున్నాక దుర్యోధనుడు మళ్ళీ లేవడం కుదరదన్నారు. అందుకని ఆ ఏడు మిగిలిన రాత్రులన్నీ దుర్యోధనుడిగా ఇంకొకడు దిగాడు. దొరస్వామి జనంలో చాప మీద కూర్చొని, తాతలనాటి తన వేషాన్ని పరాయివాడు ఆడుతుంటే చూశాడు. నన్ను ఊరినుంచి తరిమేయాలని కొందరన్నారు. వద్దన్నవాడు దొరస్వామే. “నా సావు సూసి ఆడోళ్ళు ఏడిసినారు. మా నాయన ఈ యేసంలో సచ్చినప్పుడు గూడా నగినారే గాని ఏడవలేదు. ఆ నాటాలోడికి పని తెలుసు. ఎప్పుడు సెయ్యాల్నో అదే తెలీదు” అన్నాడట.

అప్పటినుంచి ప్రతి ఏడూ గజ్జెలకు మొదటి కాలు ఆయనదే. ఆయన చాపితే మిగిలినవాళ్ళు చాపుతారు. “ఈ తూరైనా నన్ను కడదాకా బతకనిస్తావా?” అని అడిగి మరీ కాలు ఇస్తాడు. నాకు అన్నదమ్ములు లేరు. ఉంటే ఇట్లాగే సతాయించేవాళ్ళని అనుకునేవాణ్ణి.

8. తాయమ్మ చిన్నప్పటినుంచి తెర వెనక నా పక్కన కూర్చుని ఆట చూసింది. ఆడపిల్ల ముందు కూర్చుంటే బాగుండదని నేనే వెనక కూర్చోబెట్టాను. వీపులు చదివే విద్య ఆమెకూ అబ్బింది. భర్త కలరాతో పోయి తను పుట్టిల్లు చేరాక, వేషగాళ్ళకు మాటలు అందించడం ఆమె పని అయింది. నా చూపు మందగించాక, ఎవరి అడుగు తప్పిందో ఆమె నా చెవిలో చెబితే నేను కేక వేసేవాణ్ణి. కొన్నేళ్ళుగా నా గుంపు విన్నది నా గొంతే గాని మాటలు తాయమ్మవి. అందరికీ ఆ సంగతి తెలుసు. దొరస్వామికి బాగా తెలుసు. దుర్యోధనుడు ఆఖరి రాత్రి మడుగులోనుంచి లేచేటప్పుడు జనంవైపు చూడకుండా కిరీటం సర్దుకోవాలని చెప్పింది తాయమ్మే. అది చేసినందుకే ఆయనకు వెండిపతకం వచ్చింది.

పోయిన ఏడు నాకు వంగడానికి చేతకాలేదు. నేర్పడమంతా తాయమ్మ నేర్పింది. మొదటి రాత్రి గజ్జెలు ఆమెనే కట్టమన్నాను. ఆమె వంగి చెయ్యి చాపగానే దొరస్వామి కాలు వెనక్కి లాక్కున్నాడు. “నువ్వు నా బిడ్డవు తాయమ్మా. సెప్పు, తిట్టు, కొట్టు, పడతా. ఈ సేత్తో గజ్జె మాత్రం వద్దు తల్లీ. నాకు బయ్యం” అన్నాడు. ఆయన గొంతులో చులకన లేదు, నిజంగా భయమే ఉంది. కానీ ఆయన లాక్కున్నాక అందరూ లాక్కున్నారు. ఆ రాత్రి ఆట లేదు. ఆ ఏడంతా లేదు. తాయమ్మ గజ్జెలన్నీ ఏరి పెట్టెలో పెట్టింది, ఏడవలేదు. వారం రోజులు మా ఇంట్లో ఏ కూరలోనూ ఉప్పు లేదు. మునికృష్ణ కూడా వంక పెట్టకుండా తిన్నాడు.

అప్పటినుంచి దొరస్వామీ నేనూ మాట్లాడుకోలేదు. ఆయన మీద నాకు కోపం ఉంది. ఆయన లేని సాయంత్రాలు నాకు గడవలేదు. రెండూ నిజమే.

9. పై సంగతులన్నీ ఆలోచించి, గజ్జెలూ, మద్దెలా, తెరలూ, దీపాల రేకులూ, మిగిలిన వేషాల సామానుతో సహా నాటకం పెట్టెను నా కూతురు తాయమ్మకు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. నా తరువాత ఈ గుంపుకు వాద్యారు తాయమ్మ. గజ్జెలు కట్టే చెయ్యి ఆమెది. మునికృష్ణకు గాని మరెవరికి గాని ఇందులో తగాదా పెట్టే హక్కు లేదు. భర్త పోయినది గజ్జెలు కట్టకూడదని ఎక్కడ రాసుందో చూపించమని పౌరాణికుణ్ణే అడిగాను. ఆయన నాలుగు రోజులు వెతికి, రాసి లేదు గాని వాడుక లేదు అన్నాడు. సముద్రం దాటినవాడు కట్టడం కూడా ఒకప్పుడు వాడుక లేదు.

అయితే పెట్టె ఇవ్వడం నా చేతిలో ఉంది గాని కాళ్ళు ఇవ్వడం నా చేతిలో లేదు. చాపే కాళ్ళు లేకపోతే ఆ గజ్జెలు వట్టి కంచు. అందుకని దుర్యోధనుడి కిరీటం ఒక్కటి వేరుగా రాయిస్తున్నాను. డర్బన్‌లో రేకు కత్తిరించి, గాజురాళ్ళు అతికించి నేను చేసినది. దొరస్వామి తలకు తప్ప ఎవరికీ అమరదు. ఆ కిరీటం దొరస్వామికి. ఆయన తీసుకొని వెళ్ళి, ఏ గుంపులో ఇష్టమైతే ఆ గుంపులో, ఎవరి చేత ఇష్టమైతే వాళ్ళ చేత గజ్జెలు కట్టించుకొని ఆడుకోవచ్చు. నా మనసులో ఏమీ ఉండదు.

ఇది రాశాక బాలసుబ్రమణ్యం ఒక మాట చెప్పాడు. వీలునామాలో ఏదైనా పుచ్చుకునే మనిషి సాక్షిగా ఉంటే రేపు తగాదాలో ఆ సాక్ష్యం నిలబడదట. సాక్షిగా ఉన్నవాడు ఏమీ పుచ్చుకోకుండా ఉండడమే మంచిదట. అది విన్నాక నాకు తోచిన షరతు ఇది. రెండో సాక్షి చోటు దొరస్వామికి వదులుతున్నాను. తాయమ్మ వాద్యారని ఆయన ఒప్పుకుంటే అక్కడ వేలి నిశాని వేయవలసినది. వేస్తే కిరీటం ఆయనకు రాదు. తాయమ్మ పెట్టెలోనే ఉంటుంది, ఆటకు ముందు ఆమె చేతినుంచి తీసుకోవలసినదే. వేయకపోతే కిరీటం ఈ రోజే తీసుకుపోవచ్చు. ఆ చోట నిశాని బాలసుబ్రమణ్యం తమ్ముడు వేస్తాడు. దొరస్వామి పోతే మిగిలినవాళ్ళూ పోతారు. అప్పుడు తాయమ్మ పెట్టెకు తాళం వేసి, పెరట్లో మునగచెట్టు చూసుకుంటూ బతుకుతుంది. ఆమెకు తిండికి లోటు ఉండదు. తిండి సంగతి కాదు నేను అడుగుతున్నది.

10. నేను పోయినప్పుడు మద్దెల వాయించాలి. ఏడ్చేవాళ్ళు ఏడవవచ్చు, పద్యాలు మాత్రం శ్రుతి తప్పి పాడకూడదు. పాడె మీద నన్ను చూసేవాళ్ళు నా ముఖంవైపు నిలబడాలి, వీపువైపు కాదు. నాటాలుకు ఎవరూ ఉత్తరం రాయవలసిన పని లేదు. అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఎవరున్నారో నాకు తెలియదు.

ఇదంతా రాయిస్తుండగా దొరస్వామి వచ్చాడు. నేను పిలవలేదు. నాకు బాగాలేదని ఐరాలలో ఎవరో చెప్పారట. లోపలికి రాకుండా అరుగు మీద, వీధివైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. బాలసుబ్రమణ్యాన్ని మొదటినుంచీ చదవమన్నాను. గట్టిగా, అరుగుదాకా వినబడేట్టు చదివాడు. తాయమ్మ వంటింట్లోనుంచి రాలేదు. నేను మంచం మీదనుంచి దొరస్వామి వీపు చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక మనిషి వీపు నాకు అర్థం కాలేదు.

విన్నాను, సరిగానే ఉంది, నా మాటలే. దీనికి ముందు నేను రాసినవి ఏవీ లేవు. దీని తరువాత రాసేంత ఓపికా లేదు.

సర్వధారి నామ సంవత్సరం, వైశాఖ మాసం, సోమవారం. 1948 మే 17. పాకాల.

(వ్రాలు) కుప్పయ్య

సాక్షులు:

1. వెంకటేశ్వర్లు, కాంపౌండరు, పాకాల. కుప్పయ్య నా ఎదుట వ్రాలు చేసినాడు. తెలివిలో లోపం లేదు.

2. దొరస్వామి, ఐరాల. ఎడమచేతి బొటనవేలి నిశాని.

దస్తావేజు వ్రాసినది: బాలసుబ్రమణ్యం, పాకాల.

దస్తావేజు ముగిసిన తరువాత జరిగినది రాయకూడదు. కుప్పయ్య మామ రాయమని పట్టుబట్టినందున రాస్తున్నాను. దొరస్వామి నిశాని వేసి, వేలి సిరా తుడుచుకోకుండా నేలమీద కూర్చొని, పెట్టె తెమ్మని తాయమ్మను పిలిచినాడు. ఆటకు ఇంకా రోజులున్నాయి, ఇప్పుడెందుకని నేను అంటే, “బయ్యం ఉండాది గదా, ఈ పొద్దే పోనీ” అన్నాడు. తాయమ్మ వచ్చి అతని కుడికాలికి గజ్జెలు కట్టింది. కట్టి, రెండో కాలి గజ్జెలు చేతిలో పట్టుకొని తండ్రివైపు చూసింది. కుప్పయ్య మామ మంచం మీద నిటారుగా సర్దుకొని కూర్చున్నాడు. దొరస్వామి ఎడమకాలు కూడా ముందుకు చాపి, “ఇది ఎవురు కడతారు వాద్యారమ్మా?” అని అడిగినాడు.